ఇరాన్ జనం 120 ఏళ్లుగా అడుగుతున్నది

ఇరాన్ పేరు వార్తల్లోకి ఎక్కిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటోల జత తిరగడం మొదలవుతుంది. ఎడమ పక్క 1970ల టెహ్రాన్, పొట్టి గౌన్లలో నవ్వుకుంటూ నడుస్తున్న కాలేజీ అమ్మాయిలు. కుడి పక్క నల్ల చాదర్లు కప్పుకున్న ఆడవాళ్లు. "మతం చేతికి దేశాన్నిస్తే ఇంతే" అని కింద ఒక మాట. దానికి పోటీగా అవతలి గూటి నుంచి ఇంకొకటి వస్తుంది: అమెరికా జెండా తగలబెడుతున్న గుంపు, "సామ్రాజ్యవాదానికి తల వంచని గడ్డ" అని. ఈ రెండూ పంపేవాళ్లు నా స్నేహితుల్లో ఉన్నారు. ఇద్దరితోనూ గంటల తరబడి వాదించాను. నా బాధల్లా, ఆ రెండు చిత్రాల్లోనూ ఇరాన్ జనం లేరని. ఒకదాంట్లో వాళ్ల బట్టలున్నాయి, ఇంకోదాంట్లో వాళ్ల పాలకుల శత్రువు జెండా ఉంది. వాళ్లు నోరు తెరిచి ఏమడిగారన్నది ఎక్కడా లేదు.

వాళ్లు అడిగింది పాత కోరిక, ఎవరైనా అడిగే కోరిక: మమ్మల్ని ఏలేవాడు చట్టానికి లోబడాలి, ఆ చట్టం మేం ఎన్నుకున్నవాళ్లు రాయాలి. దీనికోసం షాలతో, అంటే తమ రాజులతో కొట్లాడారు, రష్యాతో, బ్రిటన్‌తో, అమెరికాతో కొట్లాడారు, ఇప్పుడు మతగురువులతో కొట్లాడుతున్నారు. ఎదుటివాడు మారుతూ వచ్చాడు గానీ అడిగేది మారలేదు. ఇరాన్‌ను ఈ వైపు నుంచి చూడకపోతే ఆ చరిత్ర మనకు తల్లకిందులుగానే కనిపిస్తుందని నా వాదన.

పొగాకుతో మొదలుపెడతాను. 1890లో నాసిరుద్దీన్ షా తన దేశంలో పండే పొగాకు మొత్తాన్ని, దాని కొనుగోలు, అమ్మకం, ఎగుమతి సహా, టాల్బట్ అనే ఆంగ్లేయుడికి 50 ఏళ్లకు రాసిచ్చేశాడు. బదులుగా ఏడాదికి 15,000 పౌండ్లు, లాభంలో నాలుగో వంతు. కొనేవాడు ఒక్కడే అయితే ధర ఎవడి నోటి నుంచి వస్తుందో ఒంగోలు వైపు పొగాకు రైతుకు వేరే చెప్పక్కర్లేదు. షిరాజ్‌లో, తబ్రీజ్‌లో, ఇస్ఫహాన్‌లో బజార్లు మూతపడ్డాయి. 1891 డిసెంబరులో షియా గురువుల్లో పెద్దాయన మీర్జా హసన్ షిరాజీ పేరుతో ఫత్వా వచ్చింది: పొగాకు ముట్టుకోవడమంటే, షియాలు తిరిగొస్తాడని నమ్మే పన్నెండో ఇమాం మీద యుద్ధానికి దిగడమేనని. దేశమంతా హుక్కాలు ఆరిపోయాయి. షా అంతఃపురంలోని ఆడవాళ్లు కూడా తాగడం మానేశారు. 1892 జనవరికల్లా షా ఒప్పందం రద్దు చేసుకున్నాడు. కంపెనీకి ఇవ్వాల్సిన నష్టపరిహారం 5 లక్షల పౌండ్లు బ్యాంకులో అప్పు తెచ్చి కట్టారు. రాజు చేసిన సంతకానికి జనం నెత్తిన అప్పు పడింది.

రాజు సంతకం అంత ప్రమాదకరమైనప్పుడు ఆ చేతిని పట్టి ఆపేది ఏదో ఒకటి ఉండాలి. ఈ ఆలోచన ముదరడానికి మరో పద్నాలుగేళ్లు పట్టింది. 1905 డిసెంబరులో, చక్కెర ధర పెంచారన్న నెపంతో టెహ్రాన్ గవర్నర్ పేరున్న వ్యాపారులను పట్టి తెప్పించి అరికాళ్ల మీద కొట్టించాడు. బజారు మూతపడింది. అప్పుడు జనం అడిగింది ఒక న్యాయస్థానం, అంతే. ఏడాది తిరగకముందే అది పార్లమెంటు అయింది.

1906 వేసవిలో టెహ్రాన్‌లోని బ్రిటిష్ దౌత్య కార్యాలయం తోటలో జరిగింది నాకు ఎంత చదివినా తనివి తీరదు. సైన్యం కాల్పులు జరపడంతో, తలదాచుకోవడానికి మొదట యాభై మంది దాకా వ్యాపారులు ఆ తోటలోకి వెళ్లారు. ఆశ్రయం కోరి పవిత్రమైన చోట కూర్చుంటే రాజభటుడు లోపలికి రాకూడదన్నది వాళ్ల ఆచారం. మామూలుగా అది మసీదో దర్గానో అవుతుంది, ఈసారి దౌత్య కార్యాలయం అయింది. మూడు వారాల్లో ఆ తోటలో సుమారు 14,000 మంది చేరారు. చెప్పులు కుట్టేవాళ్లకు ఒక డేరా, బట్టల వ్యాపారులకు ఒకటి, పుస్తకాలకు అట్టలు వేసేవాళ్లకు ఒకటి, ఏ వృత్తి సంఘానికి ఆ డేరా. ఒక మూల వరసగా పొయ్యిలు తవ్వి పెద్ద పెద్ద గుండిగల్లో అందరికీ వంట. ఖర్చు పెద్ద వ్యాపారులది. సాయంత్రాలు దారుల్ ఫునూన్ కళాశాల విద్యార్థులు డేరాల మధ్య నిలబడి రాజ్యాంగం అంటే ఏమిటో, ఐరోపాలో రాజుల అధికారానికి పగ్గాలు ఎలా వేశారో విడమరిచి చెప్పేవాళ్లు. అక్షరం రాని కూలీలు కూడా కూర్చుని విన్నారు. ఆగస్టు 5న ముజఫ్ఫరుద్దీన్ షా పార్లమెంటుకు ఒప్పుకుంటూ ఫర్మానా ఇచ్చాడు. అక్టోబరులో మజ్లిస్, అంటే ఆ పార్లమెంటు, కూర్చుంది. డిసెంబరు 30న, మరణశయ్య మీద ఉండి, రాజ్యాంగంపై సంతకం పెట్టాడు.

మరుసటి ఏడాది దానికి చేర్చిన అనుబంధంలో రెండు అధికరణాలున్నాయి. 35వది రాజ్యాధికారం ప్రజలు రాజుకు అప్పగించిన నిక్షేపం అంటుంది. 2వది మజ్లిస్ చేసే చట్టాలు మతానికి విరుద్ధమో కాదో తేల్చడానికి అయిదుగురు మతపండితులు ఉండాలంటుంది. ఆ రెండింటి మధ్య తగువు ఇరాన్‌లో ఇప్పటికీ తెగలేదు.

ఏ దేశం తోటలో జనం డేరాలు వేసుకున్నారో ఆ బ్రిటన్ 1907 ఆగస్టులో రష్యాతో కూర్చుని ఇరాన్ పటం మీద గీతలు గీసింది. ఉత్తరం రష్యాకు, ఆగ్నేయం తనకు, మధ్యది ఎవరికీ కాదు. ఇరాన్‌ను మాటవరసకైనా అడగలేదు. 1908 జూన్‌లో కొత్త షా మహమ్మద్ అలీ, రష్యన్ కర్నల్ ల్యాఖోవ్ చేతిలోని కొసాక్ దళంతో మజ్లిస్ భవనాన్ని ఫిరంగులతో కూల్పించాడు. సత్తార్ ఖాన్, బాగర్ ఖాన్ నాయకత్వంలో తబ్రీజ్ ఊరు నెలల తరబడి ముట్టడిలో ఆకలితో మాడుతూ నిలబడింది. ఆ ముట్టడిని ఛేదించబోయి చనిపోయినవాళ్లలో అక్కడి మిషన్ బడిలో పాఠాలు చెప్పే అమెరికన్ కుర్రాడు హోవర్డ్ బాస్కర్‌విల్ ఉన్నాడు. వయసు 24. తబ్రీజ్ అతన్ని మరచిపోలేదు. అమెరికా అంటే ఇరానీలకు పుట్టుకతోనే ద్వేషం అనుకునేవాళ్లు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి. 1909లో రాజ్యాంగవాదులు టెహ్రాన్ గెలిచి షాను దింపారు. 1911లో లెక్కలు చక్కదిద్దడానికి మోర్గన్ షుస్టర్ అనే ఇంకో అమెరికన్‌ను మజ్లిసే పిలిపించుకుంది. అతన్ని పంపెయ్యమని రష్యా గడువు పెట్టింది. మజ్లిస్ ఒప్పుకోలేదు. సభ్యులు మెత్తబడతారేమోనని చాదర్ల కింద తుపాకులు దాచుకుని స్త్రీలు మజ్లిస్‌కు వెళ్లారని షుస్టరే రాశాడు. ఆ స్త్రీలకు ఓటు హక్కు లేదు. చివరకు రష్యా సేనలు కదిలి, డిసెంబరులో మజ్లిస్ మూతపడింది.

రెజా షా సంగతి క్లుప్తంగా చెబుతాను. 1921లో సైనికుడిగా వచ్చాడు, 1925లో షా అయ్యాడు. రైలు మార్గం వేశాడు, విశ్వవిద్యాలయం కట్టించాడు, మజ్లిస్‌ను బొమ్మను చేశాడు. 1936లో స్త్రీలు ముసుగు తీసెయ్యాలని ఆజ్ఞ వేసి, వీధుల్లో పోలీసుల చేత లాగించాడు. ముసుగు లేకుండా గడప దాటలేక ఇంట్లోనే ఉండిపోయిన ఆడవాళ్లు ఎందరో. తలమీది గుడ్డ పోలీసు వ్యవహారం కావడం మొదలైంది అప్పుడు, 1979లో కాదు. 1941లో బ్రిటన్, సోవియట్ సేనలు కలిసి దేశాన్ని ఆక్రమించి అతన్ని దింపేశాయి. అందులో బ్రిటన్ వైపు నుంచి నడిచినవి ఎక్కువగా మన భారత సైన్యపు డివిజన్లే. ఇరాన్ గాయాల్లో మనవాళ్ల బూటు గుర్తు కూడా ఒకటుంది.

ఇక మొసద్దెగ్. ఆబాదాన్‌లో ప్రపంచంలోకెల్లా పెద్ద చమురు శుద్ధి కర్మాగారం ఉండేది. ఇంగ్లీషు అధికారుల బంగళాలకు పచ్చిక మైదానాలు, ఇరానీ కూలీల గుడిసెలకు కరెంటు, నీళ్లు లేవు. దాన్ని నడిపిన బ్రిటిష్ కంపెనీ బ్రిటన్ ఖజానాకు కట్టే పన్ను, ఇరాన్‌కు ఇచ్చే వాటా కంటే ఎక్కువ. 1951 మార్చిలో మజ్లిస్ చమురును జాతీయం చేసింది, ఏప్రిల్లో మొసద్దెగ్ ప్రధాని అయ్యాడు. బ్రిటన్ ఇరాన్ చమురు ఎవరూ కొనకుండా కట్టడి చేసింది. 1952 జూలైలో రెజా షా కొడుకు, కొత్త షా మహమ్మద్ రెజాతో పొసగక మొసద్దెగ్ రాజీనామా చేస్తే జనం వీధుల్లోకి వచ్చి, తూటాలకు ఎదురు నిలిచి, మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టారు. 1953 ఆగస్టు 15 రాత్రి అమెరికా, బ్రిటన్ గూఢచారులు పన్నిన మొదటి కుట్ర విఫలమైంది, షా పారిపోయాడు. నాలుగు రోజుల తర్వాత డబ్బిచ్చి తెచ్చిన గుంపులు, సైన్యం కలిసి ఆ పని పూర్తిచేశాయి. కాఖ్ వీధిలో ఆయన ఇంటిని ట్యాంకులతో కూల్చారు. కుట్ర నడిపింది తామేనని అమెరికా గూఢచారి సంస్థ సిఐఏ కాగితాలు 2013లో బయటపడి ఒప్పుకున్నాయి. 1954లో చమురు వాటాలు పంచుకున్నారు: బ్రిటిష్ కంపెనీకి 40 శాతం, అమెరికన్ కంపెనీలకు 40, మిగతాది షెల్‌కు, ఫ్రెంచివాళ్లకు. మొసద్దెగ్‌కు మూడేళ్ల జైలు, ఆ తర్వాత 1967లో చనిపోయేదాకా అహ్మదాబాద్ అనే పల్లెలో గృహనిర్బంధం. 1952 జూలైలో తనకోసం చచ్చిపోయినవాళ్ల పక్కన పాతిపెట్టమన్నాడు. దానికీ ఒప్పుకోలేదు. ఆ ఇంట్లోనే పూడ్చారు.

ఆయన మీద నాకు ఎనలేని గౌరవం. అయినా, అభిమానులు దాటేసే ఒక విషయం చెప్పాలి. 1953 ఆగస్టు మొదట్లో, మజ్లిస్‌ను రద్దు చేయడానికి ఆయన ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాడు. 'అవును' వేసేవాళ్లకు ఒక చోట, 'కాదు' వేసేవాళ్లకు వేరే చోట డేరా. ఎవడు ఎటు వెళ్తున్నాడో వీధి మొత్తం చూస్తుంటుంది. 99 శాతానికి పైగా 'అవును' వచ్చింది. ముప్పేట దాడిలో ఉన్నవాడు, గతిలేక చేశాడు అంటారు. నిజమే కావచ్చు. కానీ మజ్లిస్ లేని దేశంలో ప్రధానిని తీసేసే అధికారం నాదేనని షా వాదించుకోవడానికి దారి తెరిచింది ఆ పనే. చట్టం కోసం నిలబడ్డ మనిషి చట్టాన్ని ఒక్కసారి పక్కన పెడితే అది ఎవరికి పనికొచ్చిందో చూడండి.

ఇప్పుడు ఆ ఎడమ పక్క ఫొటోకు వద్దాం. అబద్ధపు ఫొటో కాదది. 1963లో స్త్రీలకు ఓటు వచ్చింది, 1967లో విడాకుల విషయంలో భార్యకు రక్షణనిచ్చే కుటుంబ చట్టం వచ్చింది. అవి నిజమైన లాభాలే, వాటికోసం ఇరానీ స్త్రీలు దశాబ్దాలు పనిచేశారు. అయితే ఆ అమ్మాయి ఏ గౌను వేసుకోవాలన్నది తన ఇష్టం గానీ, ఏ పుస్తకం చదవాలన్నది కాదు. 1957 నుంచి సావాక్ అనే రహస్య పోలీసు ఉంది. 1975లో షా ఉన్న నామమాత్రపు పార్టీలను కూడా ఎత్తేసి రస్తాఖీజ్ అనే ఒకే పార్టీ పెట్టాడు. చేరనివాళ్ల చోటు జైలు, లేదా పాస్‌పోర్టు తీసుకుని దేశం వదిలి పోవచ్చునన్నాడు. 1978లో షాకు ఎదురు నడిచిన ఊరేగింపుల్లో ఆ ఫొటోలోలాంటి అమ్మాయిలు వేలల్లో ఉన్నారు. వాళ్లలో కొందరు నిరసనగా కావాలనే చాదర్ కప్పుకుని వచ్చారు. దాన్ని తామే ఎంచుకున్నామనుకున్నారు.

మరి ఉద్యమం ముల్లాల చేతికి ఎలా పోయింది? సంఘాలు, పార్టీలు, పత్రికలు అన్నీ మూసేశాక దేశంలో నలుగురు కూడగలిగే చోటు మసీదు ఒక్కటే మిగిలింది. 1978 జనవరి 9న షియా మతపాఠశాలల ఊరైన కోమ్‌లో కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్లకు నలభయ్యో రోజు సంతాపం ఫిబ్రవరి 18న తబ్రీజ్‌లో, అక్కడా చావులు. వాళ్లకు మళ్లీ నలభయ్యో రోజు యజ్ద్‌లో. శోకానికి కూడేవాళ్లను ఏ ప్రభుత్వం ఆపగలదు? పీర్ల పండక్కి హసన్ హుసేన్‌లను తలుచుకుని ఏడ్చే తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లకు కర్బలా దుఃఖం జనాన్ని ఎలా కూడగడుతుందో తెలుసు. డిసెంబరులో ఆషురా (మొహర్రం పదో రోజు) నాటి ఊరేగింపుల్లో లక్షలకు లక్షలు నడిచారు. అయితే షా నడుం విరగ్గొట్టింది చమురు కార్మికుల సమ్మె. ఈ మాట ముల్లాల చరిత్రలోనూ తక్కువే వినిపిస్తుంది, మన వాట్సాప్ చరిత్రలో అసలే వినిపించదు.

షా గద్దె దిగాక, 1979 మార్చి 30, 31 తేదీల్లో మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ. పచ్చ చీటీ 'అవును', ఎర్ర చీటీ 'కాదు'. ప్రశ్న: ఇస్లామిక్ రిపబ్లిక్ కావాలా? అదేమిటో, దాని రాజ్యాంగం ఎలా ఉంటుందో అప్పటికి ఎవరికీ చూపించలేదు. ప్రధాని బజర్గాన్ 'ప్రజాస్వామిక' అన్న మాట చేర్చుదామన్నాడు. ఒక్క మాట ఎక్కువా వద్దు, తక్కువా వద్దు అన్నాడు విప్లవ నాయకుడైన మతగురువు ఖొమేనీ. 98 శాతానికి పైగా 'అవును'. ఆ తర్వాత బయటపెట్టిన రాజ్యాంగ ముసాయిదాలో మతగురువు పెత్తనమే లేదు. దాన్ని పరిశీలించడానికి కూర్చున్న నిపుణుల సభలో అది వచ్చి చేరింది.

ఆ ఓటింగుకు మూడు వారాల ముందు జరిగింది నా వామపక్ష మిత్రులు దయచేసి నిదానంగా చదవాలి. కార్యాలయాల్లో స్త్రీలు హిజాబ్ వేసుకోవాలని ఖొమేనీ అన్నాడు. తెల్లారితే మార్చి 8. టెహ్రాన్‌లో మంచు పడుతోంది. నర్సులు, టీచర్లు, గుమాస్తాలు, బడి పిల్లలు వేలాదిగా వీధుల్లోకి వచ్చారు. వెనక్కి పోవడానికా విప్లవం చేసింది అని నినాదం. రాళ్లు, కత్తులు పట్టుకున్న గుంపులు మీద పడ్డాయి. మర్నాడూ వచ్చారు, ఆ మర్నాడూ వచ్చారు. ప్రభుత్వం కాస్త తగ్గి, బలవంతమేమీ లేదని ప్రకటించింది. ఆ రోజుల్లో బలంగా ఉన్న వామపక్ష సంస్థలు ఆ స్త్రీల పక్కన గట్టిగా నిలబడి ఉంటే? నిలబడలేదు. ప్రధాన వైరుధ్యం సామ్రాజ్యవాదంతో, ఆడవాళ్ల సంగతి తర్వాత అన్నాయి. ఈ మాట మనకు బాగా తెలిసిందే. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన స్త్రీలు, పోరాటం ముగిశాక ఇంటికి వెళ్లి వంట చేసుకోమన్నారని చెప్పుకున్న గోడు మన దగ్గరా ఉంది. ఇరాన్‌లో 1980లో కార్యాలయాల్లో హిజాబ్ తప్పనిసరి అయింది, 1983లో ఉల్లంఘనకు 74 కొరడా దెబ్బలని చట్టం వచ్చింది. అదే 1983లో, అమెరికాను ఎదిరిస్తున్నాడు కదా అని ఖొమేనీ వెంట నడిచిన తూదే కమ్యూనిస్టు పార్టీని నిషేధించి, నాయకుల చేత టీవీలో 'తప్పు ఒప్పుకోలు' చెప్పించారు. 1988లో జైళ్లలో ఉన్న వేలమంది రాజకీయ ఖైదీలను వారాల వ్యవధిలో ఉరి తీశారు. ఖొమేనీకి వారసుడు కావాల్సిన మోంతజెరీ ఇది ఘోరమని రాసి, ఆ వారసత్వమే పోగొట్టుకున్నాడు. సామ్రాజ్యవాదాన్ని ఎదిరించే ప్రతివాడూ ప్రజల మనిషి అయితే ఈ ఉరికొయ్యలు ఎవరివి?

ఇరాక్ సద్దాం దాడితో మొదలైన ఎనిమిదేళ్ల యుద్ధం ఈ అణచివేతకు ముసుగుగా ఎంత పనికొచ్చిందో రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి.

1997లో జనం మళ్లీ ఓటునే నమ్ముకున్నారు. అధ్యక్ష పదవికి 238 మంది పేర్లిస్తే, అభ్యర్థులను వడపోసే సంరక్షక మండలి నలుగురిని ఉంచింది. ఆ నలుగురిలో ఎవరు తక్కువ పెత్తందారో చూసి ఖాతమీకి దాదాపు 70 శాతం ఓట్లు వేశారు. 2009లో లెక్క తారుమారైందని లక్షలమంది మౌనంగా నడిచారు. వాళ్ల చేతిలో కాగితం మీద రాసింది: నా ఓటు ఏది? 2022 సెప్టెంబరులో, హిజాబ్ సరిగా లేదని పట్టుకెళ్లిన మహ్సా జీనా అమీనీ నిర్బంధంలో చనిపోయింది. ఆమె ఊరు సగ్గెజ్‌లో, శ్మశానం దగ్గర ఆడవాళ్లు తలగుడ్డలు తీసి గాల్లో ఊపారు. కుర్దుల నినాదం 'స్త్రీ, జీవితం, స్వేచ్ఛ' దేశమంతా పాకింది. ఆ నెలల్లో 500 మందికి పైగా చనిపోయారని మానవ హక్కుల సంస్థల లెక్క. ఓటుకు బారులు తీరిన అదే దేశంలో 2021 అధ్యక్ష ఎన్నికకు 48.8 శాతం, 2024 తొలి విడతకు 40 శాతం మందే వచ్చారు. దీన్ని నిరాసక్తత అనేవాళ్లతో నేను ఏకీభవించను. 2021లోలాగా 592 మంది పేర్లలో ఏడుగురిని మిగిల్చి ఎంచుకోమంటే, ఇంట్లో కూర్చోవడమూ ఓటే.

బయటివాళ్లు బాంబులతో వీళ్లకు స్వేచ్ఛ తెస్తారనుకునే మిత్రుడికి ఒక జైలు సంగతి చెబుతాను. టెహ్రాన్‌లోని ఎవిన్ జైలు షా కాలంలో, 1970ల మొదట్లో తెరిచారు. సావాక్ అందులో షా వ్యతిరేకులను పెట్టింది. తర్వాత ఇస్లామిక్ రిపబ్లిక్ అవే గదుల్లో తన వ్యతిరేకులను పెట్టింది, 1988 ఉరితీతలు జరిగిన చోట్లలో అదొకటి. 2025 జూన్ 23న ఇజ్రాయెల్ దాని మీద బాంబులు వేసింది. 70 మందికి పైగా చనిపోయారని ఇరాన్ న్యాయశాఖ ప్రకటించింది. జైలు సిబ్బందితో పాటు ఖైదీలు, వాళ్లను చూడ్డానికి వచ్చిన కుటుంబాల వాళ్లు ఉన్నారు. 2018 తర్వాత అమెరికా మళ్లీ బిగించిన ఆంక్షలు కూడా ఇలాంటివే. పాలకుల సొంత సైన్యమైన రివల్యూషనరీ గార్డుల నోట్ల కట్టలున్న కంపెనీలు దొడ్డిదారి వెతుక్కున్నాయి. జీతం మీద బతికే టీచరు, నర్సు దెబ్బతిన్నారు. 1979 మార్చి 8న వీధుల్లోకి వచ్చింది ఆ వర్గమే.

మీర్ హుసేన్ మూసవి 1981 నుంచి 1989 దాకా ఇదే రిపబ్లిక్‌కు ప్రధాని. 2009లో ఓడిపోయాడని ప్రకటించిన అభ్యర్థి. 2011 ఫిబ్రవరిలో గృహనిర్బంధంలో పెట్టారు. 2023 ఫిబ్రవరిలో ఆ ఇంటి నుంచే ఒక ప్రకటన పంపాడు. ఈ రాజ్యాంగాన్ని సరిదిద్దడం ఇక కుదరదు, కొత్త రాజ్యాంగం కావాలా వద్దా అని జనాన్ని స్వేచ్ఛగా అడగండి, దాన్ని రాయడానికి రాజ్యాంగ సభను ఎన్నుకోనివ్వండి అన్నాడు. ఆయన ప్రధానిగా ఉండగానే 1988 ఉరితీతలు జరిగాయి, ఆ లెక్క ఆయన అప్పజెప్పాల్సిందే. అయినా ఆయన అడిగినదాన్ని నేను బలపరుస్తాను. 1953లో రెండు డేరాలు, 1979లో రెండు రంగుల చీటీలు చూసిన జనం, ఈసారి ప్రశ్న కూడా తామే రాస్తామంటున్నారు. ఆ ప్రశ్నను వాళ్ల బదులు అమెరికా నుంచి ఆఖరి షా కొడుకు గానీ, టెహ్రాన్‌లో సంరక్షక మండలి గానీ, ఇజ్రాయెల్ మంత్రివర్గం గానీ రాయడానికి వీల్లేదు.